బరువు కూర్చున్నాక కొలిచేదే హిచ్ ఎత్తు

ఈసారి ఉత్తరాలు వరసగా ట్రైలర్ల మీదే వచ్చాయి. ఒక్కొక్కరి బండి ఒక్కో రకం, అడిగింది మాత్రం చాలావరకు ఒకే సంగతి: ట్రైలర్ తగిలించే హిచ్ ఎంత ఎత్తులో ఉండాలి, తేడా వస్తే ఏమవుతుంది అని. అందుకే ఈ పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: పికప్‌కి రెండు ఇరుసుల ట్రైలర్ తగిలించి 2,500 కిలోల దాకా యంత్రాలు లాగుతుంటాను. ట్రైలర్ ముందుభాగం లేచి, తోక కిందికి వాలి ఉందని వెనకాల వచ్చే మిత్రుడు అంటున్నాడు. నా దగ్గరున్నది 2 అంగుళాల డ్రాప్ ఉన్న, అంటే అంత కిందికి దిగే బాల్ మౌంట్ (ట్రైలర్ కూర్చునే ఇనప గుండు, అంటే బాల్, బిగించే కడ్డీ). ఒకరు 4 అంగుళాలది వేయమంటారు, ఇంకొకరు 6 అంటారు. దీనికి లెక్కంటూ ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. అరగంట పని, ఒక టేపు, ఒక రసమట్టం ఉంటే చాలు. ఎవరో చెప్పిన 4, 6 వాళ్ల బండికి సరిపోయి ఉండొచ్చు, మీ బండికి మీ కొలతే కావాలి.

ముందు ట్రైలర్ సంగతి చూడండి. మట్టంగా ఉన్న గట్టి నేల మీద, మీరు మామూలుగా వేసే లోడుతోనే నిలబెట్టి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, అప్పుడు పికప్ నుంచి విడదీయండి. అడ్డు పెట్టకుండా విడదీయొద్దు, 2,500 కిలోలు కదలడం మొదలుపెడితే చేత్తో ఆపేది కాదు. ముందున్న జాకీ తిప్పుతూ ట్రైలర్ ఫ్రేమ్‌ని సమంగా తీసుకురండి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు, ఫ్రేమ్ పొడవునా రసమట్టం పెట్టి చూడండి, లేదా ఫ్రేమ్ ముందు చివర నుంచీ వెనక చివర నుంచీ నేలకు టేపు పట్టండి, రెండు కొలతలూ ఒకటైతే మట్టం కుదిరినట్టే. ఇప్పుడు కప్లర్, అంటే బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు మూతి, దాని కింది అంచు నుంచి నేలకు ఎంతుందో రాసుకోండి. 45 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం.

తర్వాత పికప్. బాల్ మౌంట్ దూరే చదరపు గొట్టం ఉంది కదా, రిసీవర్ అంటాం, దాని లోపలి పై అంచు నుంచి నేలకు కొలవండి. 60 వచ్చిందనుకుందాం. 60 లోంచి 45 తీసేస్తే 15. బాల్ మౌంట్‌లో గొట్టంలోకి దూరే కడ్డీ పై అంచుకీ, బాల్ బిగించే పలక పై భాగానికీ మధ్య ఎత్తు తేడానే డ్రాప్ అంటారు కాబట్టి, ఈ లెక్కన 15 సెంటీమీటర్ల డ్రాప్, అంటే 6 అంగుళాలది, కావాలని తేలుతుంది. మీకు 6 అని చెప్పినవాళ్లు ఇక్కడిదాకానే లెక్క వేసి ఉంటారు.

కానీ ఆ 60 ఖాళీ బండిది. ట్రైలర్ తగిలించగానే వెనక స్ప్రింగులు కూర్చుంటాయి, రిసీవర్ కిందికి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది స్ప్రింగుల గట్టితనం మీద, హిచ్ మీద పడే బరువు మీద, రిసీవర్ వెనక ఇరుసు నుంచి ఎంత వెనక్కి ఉందన్నదాని మీద ఆధారపడుతుంది, ఏ చార్టూ మీకది చెప్పలేదు. కాబట్టి ఇప్పుడున్న బాల్ మౌంట్‌తోనే ట్రైలర్ తగిలించి, జాకీ పూర్తిగా పైకి తీసేసి, రోజూ మీతో వచ్చే మనుషుల్నీ సామాన్లనీ పికప్‌లో ఎక్కించి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిపి ఆపాక అదే చోట మళ్లీ కొలవండి. నడపకుండా కొలిస్తే స్ప్రింగులు బిగుసుకుని సగం దారిలోనే ఆగి ఉంటాయి, కొలత తప్పొస్తుంది. ఇప్పుడు 55 వచ్చిందనుకోండి, బండి 5 సెంటీమీటర్లు కూర్చుంది. 55 లోంచి 45 తీసేస్తే 10. మీకు కావలసింది 10 సెంటీమీటర్ల డ్రాప్, అంటే 4 అంగుళాలది. ఆరుది వేసి ఉంటే ట్రైలర్ 5 సెంటీమీటర్లు ముందుకు వంగేది, ఇప్పుడున్న రెండుది వల్ల దాదాపు అంతే పైకి లేచి ఉంది, మీ మిత్రుడికి కనిపించింది అదే.

ఈ అంకెలు ఉదాహరణకే, మీ టేపు ఏం చెబితే అదే ప్రమాణం. బాల్ మౌంట్లు ఎక్కువగా 2 అంగుళాల తేడాతో దొరుకుతాయి కాబట్టి లెక్క 5 అంగుళాల దగ్గర తేలితే ఏం చేయాలని అడుగుతారు. అప్పుడు ఎక్కువ దిగే దాన్నే తీసుకోండి. ట్రైలర్ ఒక్క అంగుళం ముందుకు వంగినా నడుస్తుంది కానీ పైకి లేవకూడదు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండైతే, ట్రైలర్ లాగేటప్పుడు ఏ ఎత్తులో పెట్టమని దాని పుస్తకంలో ఉందో ఆ ఎత్తులో పెట్టాకే ఈ కొలతలన్నీ తీయండి, లేకపోతే మీరు టేపు పట్టుకుని ఉండగానే బండి తన ఎత్తు తాను మార్చేసుకుంటుంది.

ప్రశ్న: నా ట్రైలర్ ముందువైపు కొంచెం లేచే ఉంటుంది. ఐదారు సెంటీమీటర్లు ఉంటుందేమో. రెండేళ్లుగా అలాగే నడుపుతున్నాను, ఏమీ కాలేదు. నిజంగా పట్టించుకోవాల్సిన విషయమేనా?

జవాబు: మీది రెండు ఇరుసుల ట్రైలరా, ఒక ఇరుసుదా రాయలేదు. జవాబు దాన్నిబట్టి మారుతుంది, అందుకని రెండూ చెబుతాను.

ఒకే ఇరుసు ఉంటే, లేదా రెండు ఇరుసులున్నా కమాను కట్టల మధ్య బరువు పంచే తులాకడ్డీ ఉంటే, ట్రైలర్ వంగినా చక్రాల మీద బరువు సమంగానే పడుతుంది. ముందు లేచినప్పుడు లోడు కాస్త వెనక్కి వాలి హిచ్ మీద బరువు తగ్గుతుంది, అది ఊగడానికి దారి తీస్తుంది అని అందరూ చెబుతారు, నిజమే, కానీ ఎంత తగ్గుతుందో లెక్క కట్టి చూస్తే అనుకున్నంత ఉండదు. కప్లర్‌కీ ఇరుసుకీ మధ్య 4 మీటర్లు, లోడు బరువు కేంద్రం ఇరుసుకు 60 సెంటీమీటర్ల పైన, మొత్తం బరువు 2,000 కిలోలు అనుకోండి. ముందుభాగం 10 సెంటీమీటర్లు లేస్తే బరువు కేంద్రం వెనక్కి జరిగేది ఒకటిన్నర సెంటీమీటర్లు, హిచ్ మీద తగ్గేది ఏడెనిమిది కిలోలు. ఎత్తుగా పేర్చిన లోడైతే, లేదా ట్యాంకులో సగం నీళ్లుంటే ఇంకా ఎక్కువ, నీళ్లు వెనక్కి పోతాయి కాబట్టి. ఇది పట్టించుకోవద్దని కాదు. లోడు తప్పుగా వేసినదాన్ని హిచ్ ఎత్తుతో సరిచేయలేమని చెప్పడానికే ఇంత లెక్క.

తులాకడ్డీ లేకుండా ఒక్కో ఇరుసూ విడిగా రబ్బరు టార్షన్ సస్పెన్షన్ (ఇరుసు గొట్టం లోపల మెలిపడే రబ్బరే స్ప్రింగుగా పనిచేసే రకం) మీద ఉంటే మాత్రం ఐదారు సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. ఇరుసుల మధ్య 85 సెంటీమీటర్ల దూరం, కప్లర్ వాటికి 4 మీటర్ల ముందు అనుకోండి. కప్లర్ 10 సెంటీమీటర్లు లేస్తే రెండు ఇరుసుల మధ్య దాదాపు 2 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఆ రబ్బరు మొత్తం కదిలేదే కొద్ది సెంటీమీటర్లు, అందులో 2 తేడా అంటే వెనక ఇరుసు తన వాటా కంటే బాగా ఎక్కువ మోస్తోందని, ముందు ఇరుసు తేలిపోతోందని అర్థం.

ఇది నాకు అనుభవంలోకి వచ్చిన సంగతి. బండి మార్చినప్పుడు బాల్ సైజు ఒకటే కదా అని పాత బాల్ మౌంటే కొత్త బండికి పెట్టేశాను. కొత్తది 7 సెంటీమీటర్లు ఎత్తు. ట్రైలర్ లేచినట్టు కనిపిస్తూనే ఉంది, లాగుతోంది కదా అనుకున్నాను. ఎండాకాలంలో ఒక దూర ప్రయాణంలో వెనక ఇరుసు ఎడమ టైరు పగిలింది. టైరు మారుస్తూ మిగతావి చూస్తే వెనక ఇరుసు కుడి టైరు రెండు భుజాల దగ్గరా నున్నగా అరిగిపోయి ఉంది, మధ్య గాళ్లు ఇంకా లోతుగానే ఉన్నాయి, గాలి తక్కువైన టైరులా, మోయగలిగిన దానికంటే ఎక్కువ మోసిన టైరులా. ముందు ఇరుసు టైర్లు రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. నాలుగు టైర్లూ ఒకే రోజు వేసినవి.

అందుకే చెబుతున్నాను, ఈసారి అరగంట నడిపి ఆగినప్పుడు టైర్ల పక్కగోడల దగ్గర అరచేతి వెనకవైపు పెట్టి చూడండి. హబ్ తాకొద్దు, బ్రేకుల వేడికి కాలుతుంది. ఒక ఇరుసు టైర్లు రెండూ ఇంకో ఇరుసు వాటికంటే స్పష్టంగా వేడిగా ఉంటే, ముందు గాలి సరిచూసుకోండి, గాలి సరిగ్గానే ఉంటే టేపు తీయండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. వెనక ఇరుసు వేడిగా ఉంటే హిచ్ ఎత్తుగా ఉన్నట్టు, ముందు ఇరుసు వేడిగా ఉంటే హిచ్ మరీ కిందున్నట్టు.

ఏమీ కాలేదని రాశారు. టైరు పగిలే ముందురోజు నన్ను అడిగి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.

ప్రశ్న: హిచ్ దించి ట్రైలర్ సమంగా వచ్చేలా చేశాను. అయినా గంటకు 80 కిలోమీటర్లు దాటితే తోక ఊపుతోంది. ఇంకా దించమంటారా? లారీ పక్క నుంచి వెళ్తే చాలా టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: దించొద్దు. ఎత్తు సరిపోయింది, ఇక దాన్ని వదిలేయండి. ఇది లోడు ఎక్కడుందన్న సమస్య.

ఎద్దుబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ముందుకు పడితే ఎద్దుల మెడ మీద భారం. బండి నిండా ఎత్తే ముందే ఎవరో ఒకరు కాడి పట్టుకుని తేలిక చూస్తారు. ట్రైలర్‌లోనూ చూడాల్సింది అదే: కప్లర్ దగ్గర హిచ్ మీద పడే బరువు. బాల్ హిచ్‌తో లాగే భారీ ట్రైలర్లకు అమెరికా, కెనడాల్లో చెప్పే లెక్క, లోడుతో కలిపి ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. ఐరోపాలో ట్రైలర్లను వేరే పద్ధతిలో కడతారు, వేగ పరిమితులు తక్కువ, అక్కడ హిచ్ మీద అనుమతించే బరువు బాగా తక్కువ ఉంటుంది, చాలా కార్లకు 75, 100 కిలోలకు మించదు. కాబట్టి మీ బండి పుస్తకంలో, హిచ్ మీద అంటించిన రేకులో రాసిన గరిష్ఠ పరిమితే మీకు ఆఖరి మాట. ఆ పరిమితి లోపల వీలైనంత పై వైపు ఉండేలా చూసుకోండి. అమెరికా పద్ధతి ట్రైలర్‌కి 10 శాతం పెట్టాలంటే రేకు మీద రాసిన అంకె దాటిపోతోందా, అయితే ఆ ట్రైలర్ ఆ బండికి తగింది కాదు.

ఎంత పడుతోందో ఇంట్లో మనుషులు బరువు చూసుకునే తూకంతోనే కొలవొచ్చు. నేరుగా తూకం మీద పెడితే పగిలిపోతుంది, అందుకని ఒక గట్టి చెక్క దూలం తీసుకోండి. ఒక చివర ఇటుకల మీద, రెండో చివర తూకం మీద ఆనించండి, రెండు చోట్లా దూలం కింద ఒక చిన్న ఇనప గొట్టం ముక్క పెడితే అది ఎక్కడ ఆనుతోందో కచ్చితంగా తెలుస్తుంది. ఆ రెండు ఆనుళ్ల మధ్య దూరం సరిగ్గా 90 సెంటీమీటర్లు. ఇటుకల వైపు ఆనుడు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర, కప్లర్ కింద గట్టి చెక్క దిమ్మ నిలబెట్టి, ట్రైలర్ సమంగా ఉండే ఎత్తుకు వచ్చేలా చూసి, మెల్లగా జాకీ తగ్గించి బరువంతా దిమ్మ మీదకు వదలండి. చక్రాలకు అడ్డు ఉండాలి, మీ పాదాలు కప్లర్ కింద ఉండకూడదు. తూకం చూపించిన దాంట్లోంచి ఖాళీ దూలానికీ దిమ్మకూ అంతకుముందు చూపించిన అంకె తీసేసి, మిగిలిందాన్ని 3తో గుణించండి. తూకం మీద 70 మిగిలితే హిచ్ మీద 210 కిలోలు.

ఇంత తిప్పలు వద్దనుకుంటే వే బ్రిడ్జికి వెళ్లండి. ట్రైలర్ లేకుండా బండి ఒక్కదాన్నీ తూచండి, తర్వాత ట్రైలర్ తగిలించి బండి చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా, ట్రైలర్ చక్రాలు బయట ఉండేలా నిలిపి మళ్లీ తూచండి. తేడా ఎంతో హిచ్ మీద అంత.

బరువు తక్కువని తేలితే సామాను ముందుకు జరపండి. ఇందాకటి, కప్లర్‌కీ ఇరుసుకీ మధ్య 4 మీటర్లున్న ట్రైలర్‌లోనే 100 కిలోల వస్తువును 2 మీటర్లు ముందుకు జరిపితే హిచ్ మీద 50 కిలోలు పెరుగుతుంది. హిచ్ 10 సెంటీమీటర్లు దించితే వచ్చేది ఏడెనిమిది కిలోలని పైన చూశాం కదా, ఏది పనిచేస్తుందో మీకే అర్థమవుతుంది. ఒక ట్రైలర్ వెనక చివర బరువు, ముందు చివర అంతే బరువు పెట్టి మధ్య ఖాళీ వదిలేస్తే హిచ్ మీద అంకె సరిగ్గానే వస్తుంది కానీ ఊగడం మొదలైతే ఆగదు, అందుకని బరువైనవి ఇరుసుల దగ్గరే, కాస్త ముందువైపుకు, కింద పెట్టి, కదలకుండా కట్టండి. జరిపాక బండి ఇంకొంచెం కూర్చుంటుంది కాబట్టి ఎత్తు మళ్లీ ఒకసారి కొలవాలి.

దారిలో ఊగడం మొదలైతే: యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి, స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకోండి, ఊగే దిశకు ఎదురు తిప్పకండి. బండి బ్రేకు గట్టిగా తొక్కకండి. ట్రైలర్ బ్రేకులకు విడిగా చేతి మీట ఉంటే అదొక్కటే మెల్లగా నొక్కండి, ట్రైలర్ వెనక్కి లాగి తిన్నగా అవుతుంది. వేగం పెంచితే సర్దుకుంటుందని చెప్పేవాళ్ల మాట వినకండి. ఒకసారి ఊగిందంటే సురక్షితమైన చోట ఆగి లోడు సర్దాకే కదలండి.

ప్రశ్న: 50 మిల్లీమీటర్ల బాల్, 2 అంగుళాల బాల్ ఒకటేనా?

జవాబు: కాదు. 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, 50 మిల్లీమీటర్ల కప్లర్ 2 అంగుళాల బాల్ మీద సరిగ్గా మూసుకోకపోవచ్చు, మూసుకున్నట్టు మీట కిందికి వచ్చినా లోపల నాలుక బాల్ కిందికి వెళ్లకపోవచ్చు. ఇంకా పెద్ద తేడా 2 అంగుళాలకీ, 2-5/16 అంగుళాలకీ. పెద్ద కప్లర్‌ని చిన్న బాల్ మీద పెడితే చక్కగా కూర్చుంటుంది, గతుకు వచ్చినప్పుడు ఎగిరి బయటికొస్తుంది. కప్లర్ మీద దాని సైజు, బాల్ పైన దాని సైజూ ఎంత బరువు లాగగలదన్నదీ చెక్కి ఉంటాయి, గ్రీజు తుడిచి చదవండి.

ఎవరు తగిలించినా సరే, కప్లర్ మూసి పిన్ను పెట్టాక ట్రైలర్ జాకీని మళ్లీ కిందికి తిప్పి బండి వెనకభాగం ఒక అంగుళం పైకి లేచేదాకా ఎత్తండి. నిజంగా పట్టుకుని ఉంటే బండి లేస్తుంది, లేకపోతే కప్లర్ ఒక్కటే బాల్ మీంచి ఊడి పైకొస్తుంది. నిమిషం కూడా పట్టదు. నేను ఇది చేయకుండా ఒక్కసారి కూడా కదలను.

ప్రశ్న: ట్రైలర్ తగిలిస్తే కారు ముందుభాగం లేచిపోతోంది, స్టీరింగ్ తేలికైపోయింది, రాత్రి ఎదురొచ్చేవాళ్లు లైట్లు తగ్గించమని సైగ చేస్తున్నారు. బరువు పంచే స్ప్రింగు కడ్డీల హిచ్ కొన్నాను. ఇది ఉంటే ఎత్తు లెక్క అక్కర్లేదని చెప్పారు, నిజమేనా?

జవాబు: ఎత్తు లెక్క అప్పుడే ఇంకా జాగ్రత్తగా చేయాలి. ఆ కడ్డీల పని వెనక చక్రాల మీద పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకూ, కొంత ట్రైలర్ ఇరుసులకూ పంపడం. వంగిన ట్రైలర్‌ని నిలబెట్టడం వాటి పని కాదు. ఎత్తు తప్పుగా ఉంటే కడ్డీలను ఎంత బిగించినా ఒకచోట కుదిరితే ఇంకోచోట చెడుతుంది.

ముందు మీ కారు తయారీదారు ఇలాంటి హిచ్‌ను ఒప్పుకుంటారో లేదో పుస్తకంలో చూడండి, కొందరు వద్దని స్పష్టంగా రాస్తారు. ట్రైలర్‌కి తోపుడు బ్రేకులు, అంటే బండి ఆగినప్పుడు కప్లర్ లోపలికి నొక్కుకుని పడే బ్రేకులు ఉంటే, ఈ కడ్డీలు దాన్ని అడ్డుకోకుండా ఉండే రకమేనా అన్నదీ చూసుకోండి.

అమర్చేటప్పుడు ముందు చక్రం పైనున్న వంపు అంచు నుంచి నేలకు మూడుసార్లు కొలవాలి. ట్రైలర్ లేకుండా 90 సెంటీమీటర్లు ఉందనుకోండి. కడ్డీలు లేకుండా ట్రైలర్ తగిలిస్తే 93కి లేచింది. కడ్డీలు బిగించాక అది మళ్లీ 90 వైపు దిగాలి. ఎంతదాకా దిగాలన్నది కార్ల తయారీదారులు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, లేచినదాంట్లో సగం దిగితే చాలని కొందరు, పూర్తిగా దించమని కొందరు. మీ కారు పుస్తకంలో ఏముంటే అది చేయండి. 90 కంటే కిందికి మాత్రం ఎప్పుడూ పోనివ్వకండి, అప్పుడు వెనక చక్రాలు తేలికైపోయి తడి రోడ్డు మీద వెనకభాగం పక్కకు జారుతుంది, అది ముందు తేలిక కావడం కంటే ప్రమాదం. కడ్డీలు బిగించగానే కారు వెనకభాగం కొంత పైకొస్తుంది, కాబట్టి బాల్ ఎత్తు తుది లెక్క కడ్డీలు బిగించి ఉన్నప్పటిదే తీసుకోవాలి. బాల్ తలను ఒకటి రెండు రంధ్రాలు పైకీ కిందికీ మార్చి చూస్తూ మళ్లీ మొదట్నుంచి కొలవాల్సి వస్తుంది. విసుగు పని, కానీ ఒక్క పూట పని.

మీ లైట్ల సంగతి నిజంగా ఆలోచించాల్సింది. వెనక ఎంత కూర్చుంటే లైట్ల వెలుగు అంత పైకి పోతుంది, ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. హిచ్ సరిచేశాక ఒక గోడ ముందు నిలబెట్టి, ట్రైలర్ లేనప్పుడు వెలుగు అంచు ఎక్కడ పడిందో సుద్దముక్కతో గీత గీసి, తగిలించాక చూడండి. ఇంకా గీత దాటి పైకే పోతుంటే లైట్లు దించుకునే చక్రం ఉంటే దాన్ని తిప్పండి.

ప్రశ్న: ఒకే ట్రైలర్‌ని రెండు బండ్లతో లాగుతాం, ఒకటి ఎత్తు, ఇంకోటి పొట్టి. బాల్ మౌంట్‌ని తిరగేసి పెడితే ఎత్తు సరిపోతోంది. అలా వాడొచ్చా?

జవాబు: తయారీదారు రెండు వైపులా వాడొచ్చని రాసి ఉంటేనే. కొన్నిటిని తిరగేస్తే పిన్ను రంధ్రం సరిగ్గా కలవదు, కొన్నిటికి తిరగేసినప్పటి బరువు పరిమితి వేరు. మీలాంటివాళ్లకు ఎత్తు మార్చుకునే రంధ్రాలున్న బాల్ మౌంట్ మేలు, కాకపోతే బాగా కిందికి దించినప్పుడు దాని పరిమితి తగ్గుతుందేమో రేకు మీద చూడండి. ఏ బండికి ఎన్నో రంధ్రమో పెయింటుతో గుర్తు పెట్టేసుకోండి, తెల్లవారుజామున చీకట్లో తగిలించేటప్పుడు అది చాలా ఉపయోగం. ఐరోపా పద్ధతి కార్లలో ఈ గొడవ తక్కువ, అక్కడ కారు పూర్తి లోడుతో ఉన్నప్పుడు బాల్ మధ్యభాగం నేలకు 350 నుంచి 420 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని నియమం, ట్రైలర్లను దానికి తగ్గట్టే చేస్తారు.

ప్రశ్న: ట్రాక్టర్ డ్రాబార్ (వెనక ట్రాలీ తగిలించే కింది కడ్డీ) బాగా కిందికి ఉండి ట్రాలీ ముందుకు వంగిపోతోంది. అందుకని పైన టాప్ లింక్ (నాగలిలాంటి పరికరాలను పైనుంచి పట్టే కడ్డీ) బిగించే చోట కొక్కెం పెట్టి దానికి తగిలిస్తున్నాను. ట్రాలీ సమంగా వచ్చింది, చక్రాలకు పట్టు కూడా పెరిగినట్టుంది. కానీ గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తున్నాయి. ముందు బరువులు కడితే సరిపోతుందా?

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు భయమేసింది. దయచేసి ఇంకొక్కసారి కూడా అలా తగిలించకండి. ముందు చక్రాలు లేవడం హెచ్చరిక, దాని తర్వాతిది ట్రాక్టర్ వెనక్కి తిరగబడి నడిపేవాడి మీద పడడమే.

ఇంజిన్ వెనక ఇరుసును తిప్పుతుంటే, చక్రాలు బరువుకు కదలనప్పుడు ట్రాక్టర్ ఒళ్లే ఆ ఇరుసు చుట్టూ పైకి తిరగాలని చూస్తుంది. డ్రాబార్‌ని అంత కింద పెట్టడానికి కారణం ఇదే. లాగుడు తక్కువ ఎత్తులో ఉంటే ట్రాక్టర్‌ని వెనక్కి తిప్పే బలం తక్కువ, పైగా ముందు లేచేకొద్దీ డ్రాబార్ ఇంకా కిందికి దిగి ఆ బలం ఇంకా తగ్గుతుంది. ఇరుసుకు పైన కొక్కెం పెడితే ప్రతి కిలో లాగుడూ ట్రాక్టర్‌ని వెనక్కి గుంజుతుంది. తిరగబడడం మొదలైతే క్లచ్ తొక్కి ఆపే సమయం ఒక్క సెకను కూడా ఉండదు, ఎంత అనుభవం ఉన్నవాడికైనా కాలు అంత తొందరగా పడదు. ముందు బరువులు కడితే ముందు చక్రాలు కాస్త ఆలస్యంగా లేస్తాయి, అంతే.

ట్రాలీ బరువంతా డ్రాబార్ మీద, లేదా ట్రైలర్ కోసమని తయారీదారు బిగించి, బరువు పరిమితి రాసి ఇచ్చిన హిచ్ మీద మాత్రమే పడాలి. డ్రాబార్ ఎత్తు మామూలుగా నేలకు 33 నుంచి 43 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, మీ ట్రాక్టర్‌ది ఎంతో పుస్తకంలో ఉంటుంది. మార్చాల్సింది ట్రాలీ వైపు. చాలా ట్రాలీలకు ముందున్న లాగుడు రింగు బోల్టులతో బిగించి ఉంటుంది, దాన్ని విప్పి కింది రంధ్రాలకు మారిస్తే ట్రాలీ ముందుభాగం పైకొస్తుంది. వెల్డింగ్‌తో అతికించి ఉంటే కోసి అతికించే పని రోడ్డు పక్క చేయించకండి, మొత్తం లోడు లాగుడంతా ఆ అతుకు మీదే ఉంటుంది, అలాంటి పనులు తెలిసినవాళ్లతో కొత్త రింగు పలక వేయించండి. కొన్ని ట్రాక్టర్లలో డ్రాబార్‌నే తిరగేసి పైకీ కిందికీ మార్చుకోవచ్చు, అదీ చూడండి. పీటీఓతో (ఇంజిన్ శక్తిని పరికరానికి అందించే వెనక తిరుగుడు షాఫ్టు) నడిచే పరికరం కూడా అదే డ్రాబార్‌కి తగిలిస్తుంటే ఎత్తుతో పాటు పొడవూ చూసుకోవాలి: 540 ఆర్‌పీఎం పీటీఓకి షాఫ్టు కొన నుంచి డ్రాబార్ పిన్ను రంధ్రానికి 14 అంగుళాలు, అంటే 35 సెంటీమీటర్ల చిల్లర దూరం ఉండాలి, లేకపోతే మలుపుల్లో షాఫ్టు విరుగుతుంది.

తిరగబడినప్పుడు కాపాడే ఇనప చట్రం మీ ట్రాక్టర్‌కి ఉంటే సీటు బెల్టు కూడా పెట్టుకోండి, బెల్టు లేకపోతే చట్రం ఉన్నా మనిషి దాని బయటికి పడతాడు. చట్రం లేని ట్రాక్టరైతే బెల్టు పెట్టకండి, ముందు చట్రం వేయించండి. ఆ పైనున్న కొక్కెం మాత్రం ఈరోజే విప్పి తీసేయండి, ఉంటే మీరు లేనప్పుడు ఇంకెవరో దానికే తగిలిస్తారు.